ఆ థీసిస్‌లు టైప్ చేసినవాడి మాట

సంపాదకులకు నమస్కారం.

ఉన్నత విద్య మీద ఈమధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. రాసినవారు విశ్రాంత ఆచార్యులు. కొవిడ్ కాలంలో పీజీలు, పీహెచ్‌డీలు పూర్తిచేసిన పిల్లలవి పైపై చదువులనీ, ఇంట్లో కూర్చుని పట్టాలు పుచ్చుకున్నారనీ, ఉద్యోగాల దగ్గర వాళ్ళని మిగతావాళ్ళతో సమానంగా చూడకూడదనీ ఆయన అభిప్రాయం. ఆయన చదువుకి నేను దణ్ణం పెడతాను. కానీ ఆ పిల్లలు ఇంట్లో కూర్చున్నారంటే మాత్రం ఊరుకోలేను. వాళ్ళలో చాలామంది కూర్చున్నది మా షాపులో.

శ్రీకాకుళంలో నాదొక డీటీపీ సెంటర్. నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. ఆధార్ జిరాక్సులు, లామినేషన్లు, పెళ్ళి కార్డులు రోజువారీ ఖర్చులకి. అసలు పని థీసిస్‌లు, అంటే పీహెచ్‌డీ కోసం పిల్లలు రాసే పరిశోధన గ్రంథాలు. టైపింగ్, టేబుళ్ళు, ఫుట్‌నోట్లు, ఎడమ పక్క బైండింగ్‌కి ఒకటిన్నర అంగుళం మార్జిన్, చివరికి రెక్సిన్ అట్ట మీద బంగారు అక్షరాలు. ఎచ్చెర్ల యూనివర్సిటీ నుంచి, విజయనగరం నుంచి, విశాఖలో చదువుకుంటూ సెలవులకి ఇంటికొచ్చేవాళ్ళ నుంచి ఏళ్ళ తరబడి ఈ పని నా చేతుల మీదుగా వెళ్తోంది. అర్థమయినా కాకపోయినా ప్రతి లైనూ చదవక తప్పదు నాకు.

ఆచార్యులవారి మాటలో కొంత నిజం ఉందని ముందే ఒప్పుకుంటాను. అక్కడో పేరా, ఇక్కడో పేరా ఎత్తుకొచ్చి అతికించిన థీసిస్‌లు నా దగ్గరికి వచ్చాయి. కాపీ పది శాతం దాటకూడదని, విశ్వవిద్యాలయాలకి నిబంధనలు పెట్టే యూజీసీ 2018లో పెట్టిన నిబంధన తప్పించుకోడానికి, మాటలు అటూ ఇటూ తిప్పి టైప్ చెయ్యమన్నవాళ్ళూ ఉన్నారు. అయితే వాళ్ళు కొవిడ్‌కి ముందూ వచ్చారు, ఇప్పుడూ వస్తున్నారు.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. అప్పటికి మా జిల్లాలో ఒక్క కేసూ లేదు. మొదటివి బయటపడింది ఏప్రిల్ నెలాఖరులో. కేసుల్లేకపోయినా బస్సు లేదు, రైలు లేదు, లైబ్రరీ లేదు. హాస్టల్ పిల్లలు ఒక్క బ్యాగుతో ఇళ్ళకి వచ్చేశారు. పుస్తకాలు, నోట్సులు గదుల్లోనే ఉండిపోయాయి, గదులకి తాళాలు పడ్డాయి. నేను షాపులోని సీపీయూ, మానిటర్ స్కూటర్ మీద పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. దారిలో పోలీసాయన ఆపి ఏమిటివన్నాడు. పిల్లల పీహెచ్‌డీలన్నాను. నా మొహం, మానిటర్ మొహం మార్చి మార్చి చూసి పొమ్మన్నాడు.

అప్పట్నుంచి ఫైళ్ళన్నీ వాట్సాప్‌లోనే. రాత్రి పన్నెండు దాటాక గానీ వచ్చేవి కావు. మొదట్లో, ఏం చదువులురా మీవి, పగలంతా నిద్రా అని విసుక్కునేవాణ్ణి. తర్వాత తెలిసింది. రోజుకి 1.5 జీబీ ప్యాక్‌లో తమ్ముడి ఆన్‌లైన్ క్లాసు, చెల్లి ఆన్‌లైన్ క్లాసు పోగా అక్క థీసిస్‌కి మిగిలేది ఏమీ లేదు. అర్ధరాత్రి దాటితే కొత్త డేటా వస్తుంది. అందాకా మేలుకొని పంపి పడుకునేవారు.

అలసట ఎలా ఉంటుందో నేను ఆ ఫైళ్ళలో చూశాను. చెయ్యి తిరిగిన పిల్లలే. ఒకే పేరా రెండుసార్లు ఉండేది. 4.6 టేబుల్ వచ్చాక 4.5 వచ్చేది. ఒకమ్మాయి ఫైల్లో 'కావున ఈ అధ్యయనం' అని ఉండి, ఆ తర్వాత పేజీ అంతా ఖాళీ. ఫోన్ చేసి, ఏమ్మా, కావున ఏంటి అని అడిగాను. 'రాస్తా రాస్తా నిద్రపోయాను బాబాయ్, అలగే పంపేసినట్టున్నాను' అంది.

ఆమె గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మందస మండలంలో ఒక పల్లె. అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ. పలాస, కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్ళ కూలి ఆమె అంశం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం జీడి తోటల్ని పడగొట్టేసింది కదా, ఆ దెబ్బ తోట యజమాని దగ్గర ఆగిందా, పిక్క కొట్టే మనిషి దాకా వచ్చిందా అన్నది ప్రశ్న. మూడు వందల మందిని కలిసి అడగాలని ప్లాను. సగం పైచిలుకు అయ్యేసరికి లాక్‌డౌన్ పడింది. అదీ కొత్త పిక్క దిగే రోజుల్లో. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి.

మిగతావాళ్ళని ఫోన్లో అడిగెయ్యమన్నారు గైడ్‌గారు. పిక్క కొట్టే మనిషి చేతిలో ఫోన్ ఎక్కడుంటుంది? కొడుకు దగ్గరో మొగుడి దగ్గరో ఉంటుంది. 'నీకు రోజుకి కూలెంత వస్తాది పిన్నీ' అని ఈ పిల్ల అడిగితే, పక్కనుంచి మొగుడు జవాబు చెప్పేవాడట. అలా రాసుకున్న ఫోన్ జవాబులన్నీ పక్కన పడేసింది. నేను చూస్తుండగానే ఎక్సెల్ షీట్లో ఆ వరసలు తీసేసింది. ఉంచేస్తే ఎవరికీ తెలిసేది కాదు, మూడు వందలూ పూర్తయిపోయేవి. పైపై చదువు అంటున్నారే ఆచార్యులవారు, ఆ పూట ఆయన మా షాపులో ఉంటే బాగుండేది.

మరి మిగిలినవాళ్ళని ఎక్కడ పట్టుకుంది? రేషన్ లైన్లో. ఉచిత బియ్యం, శనగలు ఇచ్చే రోజున మనిషికీ మనిషికీ మధ్య ముగ్గుతో గీసిన గళ్ళలో నిలబడి ఉంటారు కదా ఆడవాళ్ళు. మొగుళ్ళు పక్కన లేని గంట అదొక్కటే. మొహానికి తువ్వాలు కట్టుకుని, అట్టకి క్లిప్ పెట్టిన కాగితాలతో గడి గడికీ వెళ్ళింది. జీడి రసానికి వేళ్ళ చర్మం ఊడిపోయి మిషన్ మీద వేలిముద్రలు పడనివాళ్ళు ఎంతోమంది ఉన్నారని అక్కడే తెలిసింది ఆమెకి. ముందు వేసుకున్న ప్లానులో ఆ సంగతే లేదు. దాని మీద థీసిస్‌లో ఒక భాగం పెట్టింది.

నెలనెలా డబ్బు వచ్చే ఫెలోషిప్ లేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, జాతీయ పరీక్ష రాసి తెచ్చుకునే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ రానివాళ్ళకి దాదాపు ఏమీ ఉండదు. తల్లి కూడా పిక్కలు కొట్టే మనిషే, ఆమె పని కూడా ఆగిపోయింది. ఆ వేసవిలో తల్లీ కూతుళ్ళిద్దరూ ఉపాధి హామీ పనికి వెళ్ళారు. ఆ ఏడాది మన రాష్ట్రంలో రోజు కూలి 237 రూపాయలు. తెల్లారకుండా చెరువు గట్టు మీదికి, ఎండ ముదిరేసరికి ఇంటికి, తిని కాసేపు నడుం వాల్చి మళ్ళీ ఎక్సెల్ షీటు. పీహెచ్‌డీ చదువుతా గునపం పట్టిందని ఊళ్ళో నవ్వారట. 'కూలి నా సబ్జెక్టే గదా బాబాయ్, నవ్వితే ఏటి' అంది నాతో.

ఇలాంటి మాట పట్టుకుని, చూశారా, మన పిల్లల గుండె నిబ్బరం అని పొగిడి ఊరుకోవడం తేలిక. తర్వాత ఏమయిందో వినండి. ఆగస్టులో కేసులు ఊళ్ళ మీద పడ్డాయి. అప్పట్నుంచి ఆ పిల్ల దగ్గర్నుంచి ఫైలే రాలేదు. నెలలు గడిచాయి. ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. ఒకసారి ఎత్తి, 'ఫైలు తెరిస్తే కడుపులో తిప్పుతోంది బాబాయ్, నాను మానేస్తాను' అని పెట్టేసింది. నేనేమీ హితబోధ చెయ్యలేదు, నాకు చాతకాదు కూడా. చలికాలంలో తనే వచ్చింది. ఫ్యాక్టరీలు మళ్ళీ మొదలయ్యాక, రేషన్ లైన్లో మాట్లాడిన ఆడవాళ్ళు కనబడ్డ చోటల్లా అడుగుతున్నారట: 'పుస్తకం అయిపోనాదా అమ్మా? మా పేర్లు ఏసినావా?' పేర్లు వెయ్యకూడదు, నంబర్లే వేస్తారని చెప్పలేక, వాళ్ళకి మొహం చూపించలేక మళ్ళీ కూర్చున్నానంది. ఇక వాళ్ళ కోసమే పూర్తిచేసింది. దీన్ని మనోబలం అంటారో ఏమంటారో పెద్దలు చెప్పాలి.

ఇంకొక అబ్బాయిది గార మండలం, సముద్రం ఒడ్డు ఊరు. విశాఖలో ల్యాబు. రొయ్యల చెరువుల్లో ఉండే బాక్టీరియా మీద పని. తండ్రి గుజరాత్‌లోని వెరావల్‌లో వేట బోటు మీద. లాక్‌డౌన్లో మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు వేల మంది అక్కడ బోట్లలోనే చిక్కుపడిపోవడం, ఏప్రిల్ నెలాఖరున వాళ్ళని బస్సుల్లో తీసుకురావడం మీరే మొదటి పేజీలో వేశారు. అలా వచ్చినవాళ్ళలో ఈ అబ్బాయి తండ్రి ఒకడు. దిగగానే ఒక కాలేజీ హాస్టల్లో క్వారంటైన్. 'నన్ను హాస్టల్‌లోంచి తోలేశారు, మా నాన్నని హాస్టల్‌లో పెట్టారు' అని నవ్వేవాడు.

నవ్వు అక్కడితో సరి. ఆ బాక్టీరియాని ఎప్పటికప్పుడు కొత్త మేత వేసి వేరే గొట్టాల్లోకి మార్చాలట, లేకపోతే చచ్చిపోతాయి. ల్యాబుకి తాళం పడితే మార్చేవాళ్ళెవరు? నెలల తర్వాత వెళ్ళి ఫ్రిజ్ తెరిస్తే రెండేళ్ళ పని పోయింది. మళ్ళీ చెరువుల దగ్గర్నుంచి మొదలు.

యూజీసీ గడువు పెంచలేదా అంటారు. పెంచింది. 2020 ఏప్రిల్లో ఆరు నెలలన్నారు. డిసెంబరులో, 2021 జూన్ దాకా అన్నారు. మార్చిలో, ఆ డిసెంబరు దాకా అన్నారు. మళ్ళీ 2022 జూన్ దాకా అన్నారు. ఆ నోటీసులు ప్రింట్ తీసి షాపు అద్దానికి అంటించేది నేనే కాబట్టి వరస గుర్తుంది. గడువు పెంచుతూనే, ఫెలోషిప్ కాలం మాత్రం ఐదేళ్ళే అని కింద ఒక వాక్యం కలిపేవారు. పెళ్ళి వాయిదా వేసి మండపం అద్దె పాత తేదీ దాకానే కట్టినట్టుంది వ్యవహారం. ఈ అబ్బాయికి 2019 నుంచి నెలకి 31,000, తర్వాత 35,000 వచ్చేది. సరిగ్గా పని మళ్ళీ దారిలో పడ్డ నెలల్లో అది ఆగిపోయింది. 2023 జనవరి నుంచి ఆ మొత్తాలు 37,000, 42,000 అయ్యాయి, వీళ్ళకి అందలేదు. మిగిలిన థీసిస్ అంతా పగలు రొయ్యల మేత కంపెనీలో పనిచేసి, రాత్రుళ్ళు రాశాడు. నాకు బైండింగ్ డబ్బులు వాయిదాల్లో కట్టాడు.

2021 వేసవి గురించి ఎక్కువ రాయలేను. మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండుకల్లా షట్టర్ దించెయ్యాలి. ఆ కొద్ది గంటల్లో నేను ఎక్కువగా మార్చిన పేజీ కృతజ్ఞతలది. గైడ్ పేరు ముందు, తండ్రి పేరు ముందు, చిన్నప్పుడు అక్షరాలు దిద్దించిన మేష్టారి పేరు ముందు కీ.శే. అని చేర్చమనేవారు. ఒకతనివి కాపీలన్నీ అప్పటికే బైండ్ అయిపోయాయి. పేరు మీద చిన్న చీటీ అంటిద్దామన్నాను. వద్దన్నాడు. రెక్సిన్ అట్ట వెనక్కి వంచి, బ్లేడుతో ఆ పేజీని కుట్టు మొదట్లో సన్నగా కోసి, కొత్త పేజీ అంచుకి వెంట్రుకవాసి గమ్ము రాసి లోపలికి దోపి, బరువు పెట్టి ఆరబెట్టాలి. ప్రతి కాపీకీ అదే తంతు. అతను ఎదురుగా నిలబడి ప్రతి కాపీలోనూ ఆ పేజీ తెరిచి చూసుకున్నాడు.

అదే ఏడాది వానాకాలంలో మా షాపులో ఒక వైవా, అంటే థీసిస్ మీద చివరి మౌఖిక పరీక్ష, జరిగింది. వైవా ఆన్‌లైన్లో పెట్టుకోవచ్చని యూజీసీ అంతకుముందే చెప్పింది. సీతంపేట ఏజెన్సీ కుర్రాడు. తెలుగు పరిశోధన. వాళ్ళ ఊళ్ళో కొండెక్కితే గానీ సిగ్నల్ రాదు, కొండ మీద వాన. ముందు రోజే తల్లితో కలిసి వచ్చేశాడు. జిరాక్స్ మిషన్ ఆపేసి, షట్టర్ సగం దించి, కరెంటు పోతుందేమోనని ఇన్వర్టర్ సిద్ధం చేసి, గోడ మీది దేవుడి క్యాలెండర్, లామినేషన్ రేట్ల బోర్డు కనబడకుండా దుప్పటి కట్టాను. తెర మీద వేరే రాష్ట్రం నుంచి పరీక్షకులు, మన వైపు నుంచి గైడ్, ఇంకా ఎవరెవరో. తల్లి బయట మెట్టు మీద కూర్చుంది. మధ్యలో ఎవరో షట్టర్ మీద దబదబా కొట్టి 'ఆధార్ జిరాక్స్ ఉందా' అని అరిచాడు. ఆమె లేచి వాణ్ణి తిట్టిన తిట్లు లోపలికి వినబడ్డాయి. పరీక్షకులకి వినబడ్డాయో లేదో, ఎవరూ ఏమీ అనలేదు. గంటకి పైగా ప్రశ్నలు. ఒక్కదానికీ తడుముకోలేదు. డిగ్రీకి సిఫార్సు చేస్తున్నామని చెప్పి వాళ్ళు వెళ్ళిపోయారు. స్వీట్లు తెద్దామని నేను బయటికి వెళ్ళి వచ్చేసరికి, వాడు కుర్చీలోనే, ఏ-4 కాగితాల కట్టల మీదికి తల వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. తల్లి లేపనివ్వలేదు. ఆ సాయంత్రం నేను షాపు మళ్ళీ తెరవలేదు.

ఇక వెబినార్లు. ఆ రోజుల్లో ఒత్తిడిని జయించడం ఎలా అన్న పేరుతో ఎన్ని వెబినార్లు జరిగాయో లెక్కలేదు. చూసినవాళ్ళందరికీ ఈ-సర్టిఫికెట్. వాటిని కలర్ ప్రింట్ తీయించుకోడానికి నా దగ్గరికి వచ్చేవారు, రేపు ఎక్కడో ఫైల్లో పెట్టుకోవచ్చని. నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డ పిల్లలకి ఒత్తిడి పోగొట్టుకున్నారని ధ్రువపత్రాలు అచ్చేసి కాపీకి ఇరవై తీసుకున్నాను. వాటివల్ల ఎవరైనా బాగుపడ్డారంటే నేనే. ఇప్పుడు మనసు బాగోకపోతే మాట్లాడ్డానికి 14416 టెలి మానస్ నంబరు ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు. అది వచ్చింది 2022 అక్టోబరులో.

పీజీ పిల్లలది మరో గొడవ. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేరేవాళ్ళకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండదని 2020 డిసెంబరులో 77వ నంబరు జీవో వచ్చింది. ఇంట్లో సంపాదన ఆగిపోయిన ఏడాదే ఫీజు నెత్తిన పడింది. ఎం.ఎస్సీ.లో చేరదామని దరఖాస్తు జిరాక్సులు తీయించుకున్న పిల్లలు, తర్వాత అవే సర్టిఫికెట్లు హైదరాబాద్ ఉద్యోగాలకని తీయించుకున్నారు.

వీళ్ళకి ఇప్పుడు ఇంటర్వ్యూల్లో ఎదురవుతున్న ప్రశ్న, 'ఇన్నేళ్ళు ఎందుకు పట్టింది?' జీడి పిక్కల అమ్మాయిని ఒక కాలేజీ వాళ్ళు అడిగారు. జవాబు చెప్పబోతే, అందరికీ కొవిడే కదమ్మా అన్నారట. అందుకే ఆచార్యులవారి వ్యాసం చూసి నాకు ఒళ్ళు మండింది. ఆ రెండేళ్ళలో గడువు పొడిగింపు పొందినవాళ్ళ ధ్రువపత్రాల మీద, ఈ కాలం యూజీసీ ఇచ్చిన పొడిగింపు అని ఒక్క లైను విశ్వవిద్యాలయాలు ఎందుకు వెయ్యకూడదు? ఖర్చు లేని పని. టైప్ చేసేది నాలాంటివాడే.

రెండోది అంతకంటే ముఖ్యం. పూర్తిచేసినవాళ్ళ గురించే అందరం మాట్లాడుతున్నాం. నా హార్డ్ డిస్కులో సగంలో ఆగిపోయిన థీసిస్‌లు ఉన్నాయి. మూడు అధ్యాయాలు, నాలుగు అధ్యాయాలు. ఒకామె పెళ్ళయి వెళ్ళిపోయింది, ఒకతను తండ్రి పోయాక కిరాణా కొట్టు చూసుకుంటున్నాడు. యూజీసీ 2022 నవంబరు నిబంధనల ప్రకారం ఆరేళ్ళ గడువు తర్వాత మళ్ళీ రిజిస్టర్ అయితే ఇంకో రెండేళ్ళు ఇవ్వొచ్చు, మొత్తం ఎనిమిది దాటకూడదు. ఆడవాళ్ళకీ దివ్యాంగులకీ ఇంకో రెండేళ్ళుంది. కానీ అదంతా ఆ తర్వాత చేరినవాళ్ళకి. కొవిడ్ నాటికి పని మధ్యలో ఉన్నది 2016, 2017ల్లో చేరినవాళ్ళు, వాళ్ళకి పాత నిబంధనలే. లెక్క కట్టండి, వాళ్ళ ఆరేళ్ళూ, ఆడవాళ్ళకైతే ఎనిమిదేళ్ళూ, అయిపోయాయి. మూతపడి ఉన్న ఆ రెండేళ్ళని వాళ్ళ లెక్కలోంచి తీసేసి, ఒక్కసారికి తలుపు తియ్యమని రాష్ట్ర ఉన్నత విద్యామండలినీ, యూజీసీనీ మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. తలుపు తీస్తే అందరూ వస్తారని కాదు. కొట్టు చూసుకునే అతను రాడనే నా అనుమానం. ఆమె మాత్రం ఏడాదికోసారైనా ఫోన్ చేసి, ఫైలు ఉందా అన్నయ్యా అని అడుగుతుంది.

ఇది అచ్చయితే ఆ పిల్లల్లో ఎవరైనా చూస్తారని చివరి మాట. కంప్యూటర్ మారింది గానీ ఫైళ్ళు భద్రంగా ఉన్నాయి. పాత అను ఫాంట్లలో ఉన్న తెలుగు థీసిస్‌లని యూనికోడ్‌లోకి మార్చి ఇస్తాను, ఇప్పుడు కాపీ చెక్‌కి అదే కావాలి. కాగితం డబ్బులు తెచ్చుకుంటే చాలు. పాత వాట్సాప్ నంబరే.

ఇట్లు,
ఒక డీటీపీ సెంటర్ నిర్వాహకుడు,
శ్రీకాకుళం